కుర్చీ మారినా గొంతు మారకుండా: నింటెండో తన అభిమానులతో మాట్లాడిన తీరు

2015 జులై 13, సోమవారం. జపాన్‌లోని క్యోటో నుంచి, వీడియో గేమ్స్ తయారుచేసే నింటెండో కంపెనీ ఒక నోటీసు విడుదల చేసింది. డైరెక్టర్లు మారినప్పుడు కంపెనీలు ఇచ్చే మామూలు నోటీసు లాంటిదే అది. అధ్యక్షుడు సతోరు ఇవాటా పిత్తనాళంలో ఏర్పడిన కణితి కారణంగా జులై 11న కన్నుమూశారు. ప్రతినిధి డైరెక్టర్లుగా గెన్యో తకెడా, షిగెరు మియమోటో కొనసాగుతారు. సారాంశం అంతే. ఇవాటా వయసు అప్పటికి 55. రెండు వారాల కిందటే వాటాదారుల సమావేశంలో కూర్చుని ప్రశ్నలకు జవాబులు చెప్పిన మనిషి.

ఆ నోటీసులో ఓదార్పు మాటల్లేవు. రేపటి గురించి బెంగ పడొద్దన్న హామీ కూడా లేదు. అయినా ఎక్కడెక్కడో గేమ్స్ ఆడుకునేవాళ్లు సొంత ఇంట్లో పెద్దదిక్కు పోయినట్టు బాధపడ్డారు. నింటెండో సొంత సోషల్ నెట్‌వర్క్ మీవర్స్‌లో చేత్తో గీసిన ఇవాటా బొమ్మలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. పోటీ కంపెనీ సోనీ కూడా తన ప్లేస్టేషన్ ఖాతా నుంచి ఇవాటాకు కృతజ్ఞతలు చెప్పుకుంది. ఒక కంపెనీ అధ్యక్షుడు పోతే ఆ కంపెనీ సరుకు కొన్నవాళ్లు ఏడవడం అరుదు. అంతకంటే అరుదైన సంగతి ఇంకోటుంది. ఆయన ఏర్పాటు చేసిపెట్టిన మాటల దారి ఆయనతో పాటే మూసుకుపోలేదు. ఇద్దరు అధ్యక్షులు మారినా అది నడుస్తూనే ఉంది. అదెలా సాధ్యమైందో, ఎక్కడ తడబడిందో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ముందుగా ఒక ప్రశ్న. గేమ్ కన్సోల్, అంటే వీడియో గేమ్స్ ఆడుకునే పెట్టె, కొన్నవాళ్లకు ఆ కంపెనీ పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న పట్టింపు ఎందుకు? ఫ్రిజ్ కొన్నవాళ్లు ఆ కంపెనీ ఎండీ పేరు తెలుసుకోరు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. కన్సోల్ అలా కాదు. పెట్టె కొనడం మొదటి ఖర్చు మాత్రమే. ఆ తర్వాత ఐదారేళ్ల పాటు దాని మీదే గేమ్స్ కొంటారు. డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్స్ ఆ కంపెనీ ఖాతాలో తప్ప ఇంకెక్కడా పనిచేయవు. ఆడి దాచుకున్న సేవ్ ఫైళ్లు, కలిసి ఆడే స్నేహితుల జాబితా, పిల్లలు గంటలు గంటలు కూర్చుని కట్టిన ఊళ్లు, ఇళ్లు అన్నీ అందులోనే. పైన కూర్చున్నవాళ్లు మనసు మార్చుకుని ఆ పెట్టెను పక్కన పడేస్తే కొన్నవాళ్ల డబ్బూ, కాలమూ రెండూ పోతాయి. అందుకే అధ్యక్షుడు మారుతున్నాడన్న వార్త వినగానే అభిమానికి మొదట కలిగేది టెన్షన్. నేను కొన్నదాని గతి ఏమిటి? ఈ ప్రశ్నకు ఎవరు, ఎప్పుడు, ఎలా జవాబు చెబుతారన్నదే అసలు విషయం.

నింటెండోలో మొదట్నుంచీ ఈ జవాబు చెప్పే అలవాటేమీ లేదు. 1889లో హనఫుడా పేకముక్కలు తయారుచేసే దుకాణంగా మొదలైన ఆ సంస్థను 1949 నుంచి 2002 దాకా, అంటే 53 ఏళ్ల పాటు, హిరోషి యమౌచి ఒంటిచేత్తో నడిపారు. ఆయన స్వయంగా గేమ్స్ ఆడే మనిషి కాదు. కొనేవాళ్లతో కబుర్లు చెప్పే మనిషి అసలే కాదు. నిర్ణయం తీసుకునేవారు, అది అమలయ్యేది. అంతటి యమౌచి తన వారసుడిగా కుటుంబంలోని వాళ్లను కాదని, అంతకు రెండేళ్ల ముందే కంపెనీలో చేరిన 42 ఏళ్ల ప్రోగ్రామర్‌ని ఎంచుకున్నారు. ఆయనే ఇవాటా. అంతకుముందు హాల్ లాబొరేటరీ అనే చిన్న గేమ్ కంపెనీ అప్పుల్లో మునిగినప్పుడు దాన్ని ఒడ్డుకు చేర్చిన మనిషి. అక్కడ పగ్గాలు పట్టగానే ఉద్యోగులందరితో విడివిడిగా కూర్చుని మాట్లాడటం ఆయన పద్ధతి. 2005లో అమెరికాలో గేమ్ డెవలపర్ల సదస్సులో చేసిన ప్రసంగంలో తన గురించి తానే చెప్పుకున్నారు: విజిటింగ్ కార్డులో కంపెనీ అధ్యక్షుణ్ని, బుర్రలో గేమ్ డెవలపర్‌ని, గుండెలో మాత్రం గేమర్‌ని అని.

ఆ మాటను ఆయన అక్కడితో వదిలేయలేదు. 2006లో వీ కన్సోల్ వచ్చేముందు ఒక కొత్త పని మొదలుపెట్టారు. తన సొంత కంపెనీలో గేమ్స్ తయారుచేసేవాళ్లను కూర్చోబెట్టి, తానే ఇంటర్వ్యూ చేసి, ఆ సంభాషణల్ని అచ్చుగుద్దినట్టు జనం ముందు పెట్టడం. అధ్యక్షుడు ప్రశ్నలు అడుగుతాడు, ఇంజినీర్లు, సంగీతకారులు, బొమ్మలు గీసేవాళ్లు జవాబులు చెబుతారు. ఈ అమరికలోని తెలివి పైకి కనిపించదు. మామూలుగా కంపెనీ పెద్దలు వేదిక మీద జవాబులిచ్చేవాళ్లుగా కనిపిస్తారు. ఇక్కడ పెద్దాయన అడిగేవాడు అయ్యాడు. దాంతో చదివేవాళ్ల తరఫున కూర్చున్నది ఆయనే అన్నట్టయింది. అంతేకాదు, అప్పటిదాకా పేరు కూడా తెలియని డెవలపర్లు ఎందరో అభిమానులకు పరిచయమయ్యారు. తర్వాతి రోజుల్లో కంపెనీని కాపాడింది ఇదే.

2011 అక్టోబర్‌లో నింటెండో డైరెక్ట్ మొదలైంది. అప్పటిదాకా కొత్త గేమ్స్ వార్తలు పెద్ద ఎక్స్‌పోల్లోనో, ప్రెస్ మీట్లలోనో బయటికొచ్చేవి. విలేకరులు చూసి, తమకు తోచినంత రాసి, మిగతాది వదిలేసేవాళ్లు. డైరెక్ట్ అంటే కంపెనీయే వీడియో తీసి నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టేస్తుంది. తెల్లటి గోడ ముందు సూట్ వేసుకుని ఇవాటా నిలబడతారు. "నేరుగా మీకే" అంటూ రెండు చేతులూ ఛాతీ దగ్గర్నుంచి తిన్నగా ముందుకు చాపుతారు, ఏదో వస్తువు ఎదుటివాళ్ల చేతిలో పెడుతున్నట్టు. ఆ సైగ ఎంత పాపులర్ అయిందంటే, ఆయన ముఖం కనిపించకుండా ఆ రెండు చేతులే గీసినా అది ఎవరో అభిమానులు చెప్పేస్తారు. ఒక వీడియోలో ఆయన అరటిపండ్ల హస్తం చేత్తో పట్టుకుని, గంభీరంగా, మారు మాట్లాడకుండా దానివైపే చూస్తూ ఉండిపోయారు. డాంకీ కాంగ్ గేమ్ కోసం చేసిన సరదా అది. వేల కోట్ల కంపెనీ అధ్యక్షుడు అరటిపండ్లను అంత శ్రద్ధగా చూడటం ఇవాళ్టికీ జనం పంచుకునే బొమ్మ.

సరదాలు చేయడం సులువే. చేదు మాట చెప్పాల్సి వచ్చినప్పుడే అసలు పరీక్ష. 2011లో త్రీడీఎస్ అనే చేతి కన్సోల్ అమెరికాలో 249.99 డాలర్లకు విడుదలైంది. అమ్మకాలు నీరసంగా ఉండటంతో ఆరు నెలలు తిరక్కుండానే ధరను 169.99 డాలర్లకు తగ్గించారు. జపాన్‌లో 25,000 యెన్ల నుంచి 15,000కి దించారు. మొదటి రోజే లైన్లో నిలబడి కొన్న అభిమానికి ఇది చెంపదెబ్బ లాంటిది. ఎంత నమ్మకస్తుడైతే అంత నష్టం. అప్పుడు ఇవాటా తన పేరు మీదే వాళ్లకు ఒక సందేశం రాశారు. ముందుగా కొన్నందుకు శిక్ష పడినట్టు మీకు అనిపిస్తుందని తెలుసు, దాన్ని పూర్తిగా పోగొట్టడానికి మేం చేయగలిగింది ఏమీ లేదు అని ఒప్పుకున్నారు. ఆ తర్వాతే 20 పాత గేమ్స్ ఉచితంగా ఇస్తామన్నారు, వాళ్లకు అంబాసిడర్లని పేరు పెట్టారు. తన జీతం సగానికి కోసుకున్నారు. 2014 జనవరిలో వీ యూ కన్సోల్ అమ్మకాల అంచనాను 90 లక్షల నుంచి 28 లక్షలకు దించాల్సి వచ్చినప్పుడు కూడా ఐదు నెలల పాటు సగం జీతమే తీసుకున్నారు.

ఇక్కడ గమనించాల్సింది ఆ సందేశంలోని వరస. నష్టాన్ని ముందు పేరు పెట్టి పిలిచారు. పూడ్చలేమని ఒప్పుకున్నారు. కానుక సంగతి ఆ తర్వాతే. చాలా కంపెనీలు ఈ వరసను తిరగేస్తాయి: "మీకో శుభవార్త" అని మొదలుపెట్టి, అసలు దెబ్బను చివరి పేరాలో దాచేస్తాయి. చదివేవాళ్లకు ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

2014 జూన్‌లో ఇవాటా లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఈ3 అనే గేమ్స్ ప్రదర్శనకు వెళ్లలేదు. మామూలు పరీక్షల్లో పిత్తనాళంలో కణితి బయటపడిందని, ఆపరేషన్ జరిగిందని, కోలుకుంటున్నానని వాటాదారులకు లేఖ రాశారు. మళ్లీ తెర మీదికి వచ్చినప్పుడు మనిషి బాగా చిక్కిపోయి ఉన్నారు. అయినా మాట ఆగలేదు. 2015 మార్చి 17న మొబైల్ గేమ్స్ కోసం డీఎన్ఏ అనే కంపెనీతో చేతులు కలుపుతున్నట్టు ప్రకటించిన వేదిక మీదే, ఎవరూ అడగకుండానే, "ఎన్ఎక్స్" అనే రహస్య పేరుతో కొత్త కన్సోల్ తయారవుతోందని చెప్పారు. అందులో చూపించడానికి అప్పటికి ఏమీ లేదు. మరి ఎందుకు చెప్పినట్టు? ఫోన్లకు గేమ్స్ చేస్తున్నారంటే ఇక కన్సోళ్లు ఆపేస్తారన్న భయం పుడుతుందని ముందే ఊహించి, ఆ భయం పుట్టేలోపే దాన్ని తుంచేశారు. జూన్‌లో జరిగిన ఈ3 వీడియోలో ఇవాటా, మియమోటో, నింటెండో అమెరికా శాఖ అధ్యక్షుడు రెజీ ఫిల్స్-ఎమే ముగ్గురూ తోలుబొమ్మల్లాంటి పప్పెట్ల రూపంలో కనిపించారు. జిమ్ హెన్సన్ కంపెనీ తయారుచేసిన బొమ్మలవి. వచ్చే నెలలో ఏం జరగబోతోందో తెలియక అందరూ నవ్వుకున్నారు.

జులై 13న ఆ నోటీసు వచ్చాక నింటెండో ఆ రోజంతా తన సోషల్ మీడియా ఖాతాల్లో ఇంకేమీ పోస్ట్ చేయలేదు. కొత్త గేమ్ ప్రకటన లేదు, ఆఫర్లు లేవు. చిన్న విషయంగానే కనిపిస్తుంది. కానీ ముందుగా షెడ్యూల్ చేసిపెట్టిన ప్రమోషన్ పోస్టులు చావు వార్త పక్కనే గంతులేయడం ఇంటర్నెట్‌లో మనం చూడని సంగతేమీ కాదు. అక్కడ ఎవరో ఒకరు కూర్చుని, అన్నీ ఆపండి అని చెప్పి ఉండాలి.

రెండు నెలలు తకెడా, మియమోటో కలిసి కంపెనీని చూసుకున్నారు. సెప్టెంబర్ 14న కొత్త అధ్యక్షుడి పేరు ప్రకటించారు: తత్సుమి కిమిషిమా, వయసు 65. బ్యాంకు ఉద్యోగిగా జీవితం మొదలుపెట్టి, పోకెమాన్ అమెరికా వ్యవహారాలు చూసి, నింటెండో అమెరికా శాఖను నడిపిన మనిషి. అభిమానుల్లో చాలామందికి ఆయన ముఖం కూడా తెలియదు. బ్యాంకు మనిషి వచ్చి గేమ్స్ కంపెనీని లెక్కల పుస్తకం చేసేస్తాడేమోనన్న గుసగుసలు సహజంగానే లేచాయి. కిమిషిమా చేసిన మంచి పనుల్లో మొదటిది ఏమిటంటే, ఇవాటాలా మాట్లాడే ప్రయత్నం చేయకపోవడం. ఇవాటా వేసిన బాటలోనే నడుస్తామని చెప్పి పనిలో పడ్డారు. తకెడాకూ మియమోటోకూ "ఫెలో" అనే హోదాలిచ్చి, టెక్నాలజీ ఒకరికి, సృజన ఒకరికి అప్పగించినట్టు అందరికీ తెలిసేలా చేశారు. లెక్కలు చూసే మనిషి లెక్కలు చూస్తాడు, గేమ్స్ చేసేవాళ్లు గేమ్స్ చేస్తారు అన్న సంగతి ఉపన్యాసం లేకుండానే జనానికి చేరింది.

నవంబర్ 12న మళ్లీ డైరెక్ట్ వచ్చింది. ఈసారి ఇవాటా లేరు. అమెరికాలో రెజీ, బిల్ ట్రినెన్ మాట్లాడారు. తర్వాతి ఏళ్లలో జపాన్ నుంచి షిన్యా తకహాషి, యోషియాకి కోయిజుమి ముందుకొచ్చారు. వీళ్లెవరూ కొత్తవాళ్లు కారు. ఇవాటా బతికున్నప్పుడే ఆ డెవలపర్ల పేర్లనూ మాటలనూ జనానికి అలవాటు చేసి పెట్టారు. పెద్దాయన పోయాక ఇంట్లో ఎవరు మాట్లాడాలి అన్న సమస్య రాకపోవడానికి కారణం, ఆయన ఉండగానే మిగతావాళ్ల చేత మాట్లాడించడం. ఈ వ్యాసానికి మూలమైన సంగతి ఇదే. ఒక మనిషి ముఖం మీద నిలబడ్డ నమ్మకం ఆ మనిషితోనే పోతుంది. ఆ మనిషి తన నమ్మకాన్ని పదిమందికి పంచి ఉంటే అది మిగులుతుంది.

అంతా సజావుగా సాగిందనలేం. ఎన్ఎక్స్ గురించి పేరు తప్ప ఏమీ తెలియని కాలం ఏడాదిన్నర దాటింది. 2016 ఏప్రిల్‌లో, అది 2017 మార్చిలో వస్తుందని మాత్రం చెప్పారు. ఆ ఏడాది ఈ3లో కొత్త కన్సోల్ చూపించబోమని కూడా అప్పుడే చెప్పేశారు, అక్కడ ప్రధానంగా జెల్డా గేమే చూపించారు. పుకార్లు షికార్లు చేశాయి. వీ యూ అప్పటికే చావుబతుకుల్లో ఉంది, దాని మీద కొత్త గేమ్స్ లేవు. ఆ పెట్టె కొన్నవాళ్లకు ఆ నెలలు ఎండాకాలం చెరువు లాంటివి. 2016 అక్టోబర్ 20న మూడున్నర నిమిషాల వీడియోతో ఆ నిరీక్షణ ముగిసింది. ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడి, చేత్తో తీసుకుని బయటికి వెళ్లిపోగలిగే పెట్టె. పేరు స్విచ్. 2017 జనవరి 13న టోక్యోలో వేదిక ఎక్కి ధర 29,980 యెన్లు, విడుదల మార్చి 3 అని చెప్పింది కిమిషిమాయే. ఆ రెండు ముక్కలూ చెప్పి, గేమ్స్ గురించి చెప్పాల్సినవాళ్లకు వేదిక అప్పగించారు. స్విచ్ అమ్మకాలు ఆ తర్వాత 15 కోట్లు దాటాయి.

ఇదే కాలంలో మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ నడిచిన దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2013 మే 21న ఎక్స్‌బాక్స్ వన్‌ను పరిచయం చేసినప్పుడు గేమ్స్ కంటే టీవీ గురించే ఎక్కువ చెప్పారు. జూన్ మొదటి వారంలో షరతులు బయటికొచ్చాయి. 24 గంటలకోసారి కన్సోల్ ఇంటర్నెట్‌కి కనెక్ట్ కావాలి. డిస్క్ కొన్నా అది ఖాతాకు ముడిపడి ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో అమ్మడానికీ స్నేహితుడికి ఇవ్వడానికీ ఆంక్షలు ఉంటాయి. ఇంటర్నెట్ సరిగా లేనివాళ్ల సంగతేమిటని అడిగితే, అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి డాన్ మాట్రిక్, అలాంటివాళ్ల కోసం మా దగ్గర ఎక్స్‌బాక్స్ 360 ఉంది కదా అన్నారు. పాత పెట్టె కొనుక్కోండి అన్నట్టు వినిపించింది ఆ మాట. సోనీకి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. ప్లేస్టేషన్ 4లో గేమ్ ఎలా పంచుకోవాలో చూపిస్తూ 20 సెకన్ల చిన్న వీడియో ఒకటి వదిలింది. సోనీ అధికారి షుహెయ్ యోషిదా చేతిలోని డిస్క్ డబ్బాను పక్కనున్న సహోద్యోగి ఆడమ్ బోయెస్‌కి అందిస్తారు. ఆయన థ్యాంక్స్ అంటారు. అంతే, అయిపోయింది.

జూన్ 19న మైక్రోసాఫ్ట్ ఆ షరతులన్నీ వెనక్కి తీసుకుంది. మరో 12 రోజులకే, జులై 1న, మాట్రిక్ కంపెనీ వదిలి జింగా అనే గేమ్స్ కంపెనీకి వెళ్లిపోతున్నట్టు ప్రకటన. ఆగస్టులో ఏకంగా సీఈఓ స్టీవ్ బాల్మర్ రిటైర్ అవుతున్నట్టు మరో ప్రకటన. ఎక్స్‌బాక్స్ అధికారులు ఒకరి తర్వాత ఒకరు వేరే పెద్దల కింద సర్దుబాటు అవుతుండగానే నవంబర్‌లో కన్సోల్ దుకాణాలకు వచ్చింది. అంటే అభిమానులు 499 డాలర్లు పోసి కొన్న రోజున, దాని భవిష్యత్తు గురించి పూచీ పడే మనిషి ఒకరంటూ పైన కనిపించలేదు.

2014 ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు. హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మనిషి అంతెత్తుకు ఎదిగాడని తెలుగువాళ్లు పొంగిపోయిన రోజులవి. ఎక్స్‌బాక్స్ ఆడేవాళ్లకు మాత్రం ఆ పేరు ఒక ప్రశ్నగానే వచ్చింది. క్లౌడ్ వ్యాపారం నుంచి వచ్చిన మనిషి గేమ్స్‌ను ఉంచుతాడా, అమ్మేస్తాడా? ఎక్స్‌బాక్స్‌ను వదిలించుకోమని కొందరు ఇన్వెస్టర్లు బాహాటంగానే అంటున్నారు. మార్చి 31న నాదెళ్ల ఫిల్ స్పెన్సర్‌ను ఎక్స్‌బాక్స్ అధిపతిగా ప్రకటించారు. జులైలో ఉద్యోగులకు రాసిన లేఖలో కంపెనీకి ఆయువుపట్టు ఏమిటో వివరిస్తూ, ఎక్స్‌బాక్స్ అందులో లేకపోయినా దానికి విలువ ఉందని, దాన్ని కొనసాగిస్తామని విడిగా రాశారు. ఆ లేఖ ఉద్యోగులకు రాసిందే అయినా అభిమానులు అక్షరం అక్షరం చదివారు. ఆయువుపట్టు కాదన్న ముక్క దగ్గర గుండె జారిపోయినా, సూటిగా చెప్పడం వల్ల ఒక మేలు జరిగింది. ఎక్కడ నిలబడ్డామో తెలిసింది.

స్పెన్సర్ మొదటి నెలల్లో చేసిన పనులు మాటలకంటే గట్టిగా వినిపించాయి. మేలో, కైనెక్ట్ కెమెరా లేకుండా 399 డాలర్లకు కన్సోల్ ఇస్తామన్నారు. జూన్‌లో ఈ3 వేదిక మీద పూర్తిగా గేమ్సే చూపించారు. మరుసటి ఏడు పాత ఎక్స్‌బాక్స్ 360 గేమ్స్ కొత్త పెట్టెలో ఆడొచ్చని ప్రకటించారు. ట్విట్టర్‌లో ఊరూ పేరూ తెలియని ఆటగాళ్లకు కూడా స్వయంగా జవాబులిచ్చేవారు. పదేళ్ల పాటు ఎక్స్‌బాక్స్ అంటే ఫిల్, ఫిల్ అంటే ఎక్స్‌బాక్స్ అన్నట్టయింది.

దాని బరువు 2024లో తెలిసింది. ఆ ఏడాది ఫిబ్రవరి మొదట్లో, ఎక్స్‌బాక్స్ గేమ్స్ ప్లేస్టేషన్‌కి వెళ్లిపోతాయన్న పుకార్లు ముదిరాక, మీ మాట వింటున్నాం, వచ్చే వారం వివరిస్తాం అని స్పెన్సర్ పోస్ట్ పెట్టారు. నాలుగు గేమ్స్ మాత్రం వెళతాయని 15న చెప్పారు. ఆ నాలుగింటి పేర్లు మాత్రం ఆ రోజు చెప్పలేదు. మే 7న హై-ఫై రష్ లాంటి మెచ్చుకోలు పొందిన గేమ్ చేసిన టాంగో గేమ్‌వర్క్స్ సహా కొన్ని స్టూడియోలను మూసేస్తున్నట్టు ఎక్స్‌బాక్స్ స్టూడియోలు చూసే మ్యాట్ బూటీ ఉద్యోగులకు రాసిన ఈమెయిల్ ద్వారా ప్రపంచానికి తెలిసింది. శుభవార్తలన్నీ ఒక స్నేహితుడి గొంతుతో వచ్చిన చోట, దుర్వార్త మాత్రం ఈమెయిల్‌గా రావడం అభిమానులను ఎక్కువ బాధించింది. స్టూడియోలు మూయడం వ్యాపార నిర్ణయం కావచ్చు. కానీ పదేళ్లు నేరుగా మాట్లాడిన మనిషి ఆ రోజు కూడా నేరుగా మాట్లాడి ఉండాల్సింది. 2011లో ఇవాటా చేసింది అదే.

సోనీ విషయానికొస్తే చెప్పడానికి పెద్దగా లేదు. అసలు సమస్యే అది. 2019 సెప్టెంబర్ 30న ప్లేస్టేషన్ స్టూడియోల అధిపతి షాన్ లేడెన్ వెళ్లిపోతున్నారని ఒక ట్వీట్ వచ్చింది. ఎందుకో లేదు, ఆయన చోటులోకి ఎవరు వస్తారో లేదు. హెర్మెన్ హుల్స్ట్ పేరు చెప్పడానికి నవంబర్ దాకా పట్టింది. ఏళ్ల తరబడి ఈ3 వేదిక మీద తమకు ఆహ్వానం పలికిన మనిషి ఇలా చప్పుడు లేకుండా మాయమవడం అభిమానులకు వింతగా అనిపించింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో నింటెండో అమెరికా శాఖలో రెజీ పదవీ విరమణ చూడండి. ఆయనే వీడియోలో వచ్చి, వెళ్తున్నానని, ఏప్రిల్ 15 ఆఖరి రోజని చెప్పి, వారసుడిని పరిచయం చేశారు. ఆ వారసుడి పేరు డగ్ బౌజర్. మారియో గేమ్స్‌లో కోట కాపలా కాసే విలన్ పేరు కూడా బౌజరే. ఇలాంటి పేరున్నాయన కంటే కోట తాళాలు అప్పగించడానికి ఇంకెవరున్నారు అని రెజీ నవ్వుతూ అన్నారు. వెళ్లేవాడు, వచ్చేవాడు ఇద్దరూ ఒకే కబురులో ఉండటం, ఆ కబురు వెళ్లేవాడి నోటి నుంచే రావడం ఎంత తేడా తెచ్చిందో ఆ రోజు వచ్చిన స్పందన చూస్తే తెలుస్తుంది. 2025 సెప్టెంబర్‌లో బౌజర్ విరమణ ప్రకటించినప్పుడూ డెవన్ ప్రిచర్డ్ పేరు అదే రోజు చెప్పారు.

క్యోటోలో 2018 జూన్‌లో షుంతారో ఫురుకావా అధ్యక్షుడయ్యారు. వయసు 46. ఆయనా అకౌంట్స్ నుంచి వచ్చినవారే, తెర మీద కనిపించడం అరుదు. అలాంటి మనిషి 2024 మే 7న కంపెనీ ఖాతా నుంచి తన పేరుతో ఒక చిన్న పోస్ట్ పెట్టించారు. "నింటెండో అధ్యక్షుడు ఫురుకావాను" అని మొదలవుతుంది. స్విచ్‌కి వారసురాలి గురించి ఈ ఆర్థిక సంవత్సరంలోపు ప్రకటిస్తాం. స్విచ్ అనేది ఒకటుందని 2015 మార్చిలో చెప్పి తొమ్మిదేళ్లు దాటింది. జూన్‌లో ఒక డైరెక్ట్ ఉంటుంది, అందులో మాత్రం కొత్త కన్సోల్ ప్రస్తావన ఉండదు. ఇంతే.

ఈ నాలుగు ముక్కల్లో చివరిదే బంగారం. ఏం చెబుతామో చెప్పడం అందరూ చేస్తారు. ఏం చెప్పబోమో ముందే చెప్పడం వల్ల జూన్‌లో అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి నిరాశపడే బాధ లక్షలమందికి తప్పింది.  ఇక 2015 మార్చి అన్న మాట ఊరికే రాలేదు. అది ఇవాటా ఎన్ఎక్స్ పేరు చెప్పిన రోజు. గడువు 2025 మార్చి 31 అయితే, జనవరి 16నే స్విచ్ 2ను చూపించి మాట నిలబెట్టుకున్నారు.

మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ తడబడ్డారు. ఏప్రిల్ 2న సుమారు గంటసేపు నడిచిన డైరెక్ట్‌లో స్విచ్ 2 గురించి విడుదల తేదీ సహా అన్నీ చెప్పారు, ధర తప్ప. అమెరికాలో ధర 449.99 డాలర్లని, మారియో కార్ట్ వరల్డ్ గేమ్ 79.99 అని జనం తర్వాత వెతుక్కుని తెలుసుకున్నారు. మర్నాడు నింటెండో లైవ్ ప్రసారంలో చాట్ అంతా "ధర తగ్గించండి" అన్న మాటతో నిండిపోయింది. ఫురుకావా ధర గురించి వివరంగా మాట్లాడింది తర్వాత వాటాదారుల ముందు. నేరుగా చెప్పడానికే పుట్టిన కార్యక్రమంలో అన్నిటికంటే కష్టమైన సంగతిని పక్కన పెట్టడం తప్పే. కన్సోల్ మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు అమ్ముడైంది కాబట్టి దాన్ని మర్చిపోవచ్చనుకోకూడదు. ధర పెంచాల్సిన కారణాలు నిజంగానే ఉండొచ్చు. ఆ కారణాలు వినే అర్హత ఇన్వెస్టర్ కంటే ముందు జేబులోంచి డబ్బు తీసేవాళ్లకు ఉంది.

చివరిగా ఒక చిన్న సంగతి. 2017 సెప్టెంబర్‌లో, స్విచ్ సాఫ్ట్‌వేర్ లోపలి భాగాలను తవ్వి చూసేవాళ్లకు అందులో దాచిన ఒక గేమ్ దొరికింది. 1984లో నింటెండో పాత కన్సోల్ ఫ్యామికామ్ కోసం వచ్చిన గోల్ఫ్. దాని ప్రోగ్రామ్ రాసింది యువకుడిగా ఉన్నప్పటి ఇవాటా. కన్సోల్‌లో అది ఉన్నట్టు నింటెండో ఎక్కడా ప్రకటించలేదు, మెనూలో దాని గుర్తు లేదు. తర్వాతి అప్‌డేట్లలో తీసేశారు కూడా. తొలినాళ్లలో కొని, అప్‌డేట్ చేయని స్విచ్‌లలోనే అది ఉంటుంది. తెరవడానికి ఒకటే దారి. కన్సోల్ గడియారంలో తేదీ జులై 11 అయి ఉండాలి. హోమ్ స్క్రీన్ ముందు నిలబడి, రెండు జాయ్-కాన్ కంట్రోలర్లూ రెండు చేతుల్లో పట్టుకుని, ఛాతీ దగ్గర్నుంచి తిన్నగా ముందుకు చాపాలి.